పెనుకొండలో ఉరుము వెనక దించిన తెర

ఆ సాయంత్రం పెనుకొండలో ఈలలు వేసింది మీరే. పేర్లు నాకు తెలియవు గానీ మొహాలు బాగా గుర్తున్నాయి. ఇస్త్రీ చొక్కాలు, జేబుల్లో కలాలు, చేతుల్లో ఇంగ్లీషులో అచ్చువేసిన కార్యక్రమ పత్రాలు. ఇలాంటి పత్రికలు కొని చదివే జనమే. "అయ్యో, నేను వెళ్లనే లేదండీ" అని ఎవరైనా అంటారేమో. వెళ్లని వాళ్లు వచ్చే ఏడు వెళ్లాలని ఇప్పటినుంచే ఉవ్విళ్లూరుతున్నారు, నన్ను దారి అడుగుతున్నదీ వాళ్లే. చెబుతాను. ఏ బండి ఎక్కాలో, ఎక్కడ తినాలో, ఎక్కడ కూర్చోవాలో అన్నీ చెబుతాను. మర్యాదగా చెబుతానని మాత్రం ఆశ పెట్టుకోకండి. వారం రోజులుగా నా మొహం నాకే అద్దంలో చూసుకోబుద్ధి కావడం లేదు. మీ మొహాలకు మర్యాద ఎక్కడినుంచి తేను?

ఈ ప్రయాణానికి మొదలు ఒక వాదన. అనంతపురంలో వకీలుగా ఉన్న నా పాత మిత్రుడొకడు, కాలేజీ నాటి నుంచి నాతో ఒకే జెండా పట్టుకుని ఊరేగినవాడు, ఒకరోజు పరుగున వచ్చాడు. బెంగుళూరులో వారం పాటు అంతర్జాతీయ కళోత్సవం జరుగుతోందట. సంగీతం, నాటకం, ఆపెరా, నృత్యం, అన్నిటికీ సముద్రాల అవతలినుంచి బృందాలు వస్తున్నాయట. చివరి రోజు వాళ్లను మన జిల్లాకు రప్పించి పెనుకొండలో ఒక పూట ఆడించాలని అతని పట్టుదల. తిరిగాడు, సాధించాడు, అందుకోసం పెట్టిన జిల్లా సంఘానికి తానే కార్యదర్శి కూడా అయ్యాడు. "ఈ నేలకు వాన ఎట్లాగూ రాదు, ప్రపంచమన్నా వస్తాది, రానీ" అన్నాడు. "వస్తే మనం వాళ్లకు ఏం చూపిస్తాం, ఎండిన చెరువులా?" అని నేను అడిగాను. మన తరఫున ఒక వీణ కచేరీ పెడతానన్నాడు. వీణ మంచిదే, కానీ అది తంజావూరులోనూ ఉంది, మైసూరులోనూ ఉంది. ఈ జిల్లాకు తనదంటూ ఒక ఆట ఉందంటే అది ఉరుము. ఆ ఉరుమును వేదిక ఎక్కించకపోతే నీ ఉత్సవం గురించి ఏం రాయాలో నాకు తెలుసని బెదిరించాను. రెండు గంటలు కొట్లాడాక ఒప్పుకున్నాడు. గెలిచానని మీసం తిప్పుకుంటూ ఇంటికి వచ్చాను.

ఉరుము తెలియని వాళ్ల కోసం ఒక మాట. అది మెడలో వేసుకునే పెద్ద వాద్యం. ఒక ముఖం మీద వంకర పుల్లతో రుద్దితే దూరాన మబ్బు గురగురలాడినట్టు ఉంటుంది, రెండో ముఖం మీద కొడితే ఆ మబ్బు నెత్తిమీదికి వచ్చినట్టు ఉంటుంది. కాళ్లకు గజ్జెలు, నడుముకు రంగు గుడ్డల పావడ, తలకు రుమాలు కట్టుకుని అమ్మవారి పరస నాడు దాన్ని వాయిస్తూ ఆడతారు. పరస అంటే మా వైపు జాతర. ఆడేది హరిజనవాడ అని మనం ముద్దుపేరు పెట్టుకున్న ఊరవతలి గుడిసెల వాళ్లు.

గార్లదిన్నెకు రెండు మైళ్ల లోపల ఒక పల్లెలో నల్లప్ప అనే ఆయన ఉన్నాడు. యాభై ఏళ్లుంటాయి. తాతల కాలం నుంచి ఆ ఊరి పరసకు ఉరుము ఆ ఇంటిదే. రెండేళ్లుగా ఊరి మునసబు ఉరుమును మాన్పించి అనంతపురం నుంచి బ్యాండు మేళాన్నీ, మైకు సెట్టునూ తెప్పిస్తున్నాడు. అమ్మవారు సినిమా పాటల మీద ఊరేగుతోంది. నేను పిలవడానికి వెళ్లినప్పుడు నల్లప్ప గోడకు తగిలించిన ఉరుమునే చూస్తూ ఒక్కటే ప్రశ్న అడిగాడు.

"దొరల ముందర ఆడినామని పేపర్లో పడితే మా మునసబు మళ్లా పిలుస్తాడంటావా అన్నా?"

"పిలవక చస్తాడా!" అన్నాను. వచ్చే నెల పరస. ఆ ఆశతోనే ఆయన తమ్ముణ్ణీ, ఇంకో నలుగురినీ కూడగట్టుకుని బయల్దేరాడు. వాళ్లు పెనుకొండకు వచ్చింది కళాసేవకు కాదు, పోయిన పరసను తిరిగి తెచ్చుకోవడానికి. ఈ సంగతి మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

మా ఉరవకొండలో మొదటి బస్సు చీకటితో బయల్దేరుతుంది. అనంతపురానికి రూపాయిన్నర తీసుకుంటాడు, రెండు గంటలన్న మాట టిక్కెట్టు కొన్నాక మరిచిపోండి. భాద్రపదం వచ్చింది, దారి పొడుగునా శెనక్కాయ చేలు అరచెయ్యంత ఎదిగి ఆగిపోయి ఉన్నాయి. మధ్యలో బస్సు ఇంజను కాగి నిలబడింది. కండక్టరు డబ్బా పట్టుకుని ఎద్దులతో తోడే ఒక కపిల బావి దగ్గరకు పోతే, బావి గట్టున ఉన్న ముసలమ్మ అడ్డం నిలిచింది. "మనుషులకే లేవంటే నీ బండికి యాడ తెచ్చియ్యల్లప్పా? అది తాగి ఏం పాలిస్తాదా?" బస్సంతా నవ్వింది. అయినా సగం డబ్బా పోసింది. కాబట్టి ఈ దారిన వచ్చేవాళ్లు తాగే నీళ్లు ఇంటినుంచే తెచ్చుకోండి. ఆ ముసలమ్మ బావి మీద పడకండి.

అనంతపురం స్టేషను ఎదుట బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ వేడివేడిగా దొరుకుతాయి. తిని, మూడో తరగతి టిక్కెట్టు తీసుకుని, గుత్తి వైపు నుంచి వచ్చే ప్యాసింజరు కోసం కాచుకున్నాను. నల్లప్ప బృందం గార్లదిన్నెలోనే ఎక్కేసింది. పెట్టె కిటికీలోంచి ఆయన తమ్ముడు సుంకన్న తల బయటకు పెట్టి "ఓ అన్నా, ఈడ, ఈడ! ఉరుమును కూచోబెట్టి నీకు జాగా పట్టినాం" అని కేకేశాడు. నిజంగానే ఒక బెంచీ మీద మనిషికి బదులు ఉరుము కూర్చుని ఉంది. దాన్ని ఒళ్లో పెట్టుకుంటే గాని నాకు చోటు దొరకలేదు.

పెనుకొండ చేరడానికి మూడు గంటలు పట్టింది. ధర్మవరంలో పట్టుచీరల మూటలతో ఎక్కిన ఒక నేత కుటుంబం మాతోపాటు కూర్చుంది. ఆ ఇంటావిడ ఉరుమును వింతగా చూసి, "మీరాడేటప్పుడు నేనెప్పుడో మా అమ్మగారి ఊర్లో చూసినా గానీ మొగాలే గుర్తులేవప్పా" అంది.

సుంకన్న పగలబడి నవ్వాడు. "మా మొగాలు ఎవురు చూసినారమ్మా? అమ్మ కెదురుగా నిలబడి ఆడతాం, ఊరంతా మా ఎనక నిలబడ్తాది. మా ఈపులే ఊరికి తెల్సు. మా ఆడోళ్లు గూడా మమ్మల్ని ఈపు చూసే గుర్తు పడతారు."

"నిన్నట్ల గుర్తు పట్టే గదా నీ పెండ్లాం మోసపోయింది" అన్నాడు వెనక బెంచీ మీది మనిషి. "మొగం చూసింటే చేసుకొనే ఉండదు."

నల్లప్ప కూడా నవ్వి, తర్వాత కొంచెం గట్టిగానే చెప్పాడు. "కుంకుమ పెట్టి టెంకాయ కొట్టినాక ఆడ అమ్మ ఉన్నట్లే. ఆమెకు ఈపు జూపిచ్చి ఉరుము ముట్టగూడదు. మా నాయన జొరంతో ఆడి పడిపోయినాడు గానీ, పడేది గూడా ఆమె కెదురుగానే పడినాడు." ఆ నేత ఆవిడ రెండు చేతులూ జోడించింది. నేనూ విన్నాను. విని, తల ఊపి, కిటికీలోంచి బోడికొండలు చూస్తూ కూర్చున్నాను. చెవులున్న మనిషికి ఇంతకన్నా విడమరిచి ఎవరు చెబుతారు!

పెనుకొండ స్టేషను నుంచి ఊరు దూరమే, జట్కా తప్పదు. ముప్పావలా అడుగుతారు, అర్ధరూపాయికి వస్తారు. మాకు దొరికిన బండి మస్తాన్‌ది. అతను ముందు మా ఆరు మూటలనూ, తర్వాత మమ్మల్నీ ఎగాదిగా చూశాడు. "ఏమప్పా, మీరు ఆడేటోళ్లా, చూసేటోళ్లా? ఆడేటోళ్లయితే ఆ వాద్యాలకు వేరే దుడ్లు."

"పీర్ల పండక్కి ఈ వాద్యాలే కదా మీ సాయిబులు పిలిపిచ్చుకునేది? అప్పుడు వాటికి దుడ్లు అడిగితే మేము?" అన్నాడు సుంకన్న.

మస్తాన్ నాలుక కరుచుకుని నవ్వాడు. "ఎక్కండన్నా, మాటకన్నాలే. పొద్దున ఒక దొరసానమ్మ కారు దిగి మరీ నా బండెక్కింది, సరదా అంట. దారి పొడుగునా గొంతు సవరించుకుంటానే వచ్చె. ఒకపారి ఆ... అని ఎత్తింది చూడు, నా గుర్రం ముందరి కాళ్లు రెండూ పైకెత్తె! ఆమె చప్పట్లు కొడ్తాది, నేను కల్మా చదువుకుంటాండా." నవ్వుకుంటూనే పందిరి దగ్గర దిగాం. మూటలు రెండు దఫాలుగా చేర్చాడు. వాద్యాలకు పైసా తీసుకోలేదు, పైగా "నేను గూడా చూసే పోతా" అని గుర్రాన్ని అక్కడే విప్పి కట్టేశాడు.

కొండ కింద మైదానంలో పెద్ద పందిరి. ముందు గుడ్డ పరిచిన కుర్చీలు, వాటికి టిక్కెట్టు. వెనక నేల, ఉచితం. చుట్టుపక్కల పల్లెల నుంచి, అటు మడకశిర వైపు నుంచి కన్నడం మాట్లాడుకుంటూ వచ్చిన గొర్రెల కాపర్ల దాకా నేల నిండా జనం. భోజనాలు వెనక డేరాలో. అతిథులకూ, సంఘం సభ్యులకూ బల్లల మీద అన్నం, చారు, శెనక్కాయల ఊరిబిండి పచ్చడి. నాకు ఒక కుర్చీ చూపించారు. నల్లప్ప వాళ్లను వంటాయన అవతల ఎండలో పరిచిన చాప దగ్గరకు తోలుతున్నాడు.

"ఏమయ్యా, వాళ్లు ఈ పూట ఆడే కళాకారులు, అక్కడెందుకు?" అని అడిగాను.

"నన్నేమనొద్దన్నా. స్టేజీ వాళ్లకు ఈడ, ఉరుమోళ్లకు ఆడ అని చెప్పినారు, చెప్పినట్ల వడ్డిస్తాండా. వాళ్లు కలిసి తింటామంటే నాకేం పోయె? గరిటె ఒకటే, బాన ఒకటే."

అంటరానితనం నేరమని చట్టం వచ్చి ఎన్నేళ్లయింది, దాన్ని సమర్థిస్తూ నేనూ నా మిత్రుడూ ఎన్ని ఉపన్యాసాలు దంచాం! విస్తరి పట్టుకుని వెళ్లి ఆ చాప మీద కూర్చున్నాను. ఎవరైనా చూస్తే బాగుండునని కూడా నాకు ఉంది, దాచడమెందుకు. నల్లప్ప మాత్రం విసుక్కున్నాడు. "నువ్వు ఈడ కూచుంటే అందరూ ఇట్లే చూస్తారు, మాకు ముద్ద దిగదు. పో అన్నా, నీ జాగాలో నువ్వు తిను." లేచాను. లేచి, నా జాగాకు పోయి, కూర్చుని తిన్నాను. కార్యదర్శి అయిన నా మిత్రుణ్ణి అప్పుడే పట్టుకుని అడగవలసింది. అతను విదేశీ అతిథులకు చేతులు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లు అందిస్తున్నాడు.

మధ్యాహ్నం మూడు దాటాక ఉత్సవం మొదలైంది. వేదిక వెనక భాగంలో, నట్టనడుమ, బెంగుళూరు నుంచి తెప్పించిన నిలువెత్తు అమ్మవారి బొమ్మ. మట్టితో చేసి రంగులు వేసింది, అందంగానే ఉంది. ఒక పెద్దమనిషి దీపం వెలిగించి, అమ్మవారికి పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చాడు. అందరం లేచి నిలబడి దండం పెట్టాం. నేను దేవుణ్ణి నమ్మను, ఆ సంగతి మీకు తెలుసు. అయినా నిలబడ్డాను.

మొదట ఆపెరా. ఆపెరా అంటే మొత్తం పాటగానే నడిచే నాటకం, మాటలన్నీ పాటలోనే ఉంటాయి. పద్యనాటకం విని పెరిగిన మనం దానికి బెదరనక్కర లేదు. తూర్పు యూరప్ నుంచి వచ్చిన నలుగురు కలిసి ఒక భాగం పాడారు. అందులో ఒక గాయని, మస్తాన్ గుర్రాన్ని బెదరగొట్టినావిడే, చనిపోయిన బిడ్డ కోసం ఏడ్చే తల్లి పాట ఎత్తుకుంది. భాష ఒక్క ముక్క తెలియదు. నేల మీద ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పాట ఆగిందో లేదో వెనకనుంచి కేక: "వన్స్ మోర్!" ఆ వెంటనే నూరు గొంతులు. పద్యం నచ్చితే రాత్రంతా మళ్లీ మళ్లీ పాడించుకునే జనం మరి. ఆవిడకు అర్థం కాలేదు. కార్యదర్శి వెళ్లి చెవిలో చెప్పాడు. కళ్లు తుడుచుకుని, నవ్వి, మళ్లీ మొదటినుంచి పాడింది. ఆ గడియలో నా జిల్లాను చూసి నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. తర్వాత జపాను వాళ్ల ముసుగు నాటకం, మునివేళ్ల మీద నిలబడి తిరిగే బ్యాలే నృత్యం. అర్థమైన చోట చప్పట్లు కొట్టారు, అర్థం కాని చోట ఊపిరి బిగబట్టి చూశారు. ఒక్క మనిషి ఒక్క వెకిలి మాట అనలేదు. ఇది మీరు మరిచిపోకూడదు, పరాయి వాళ్లను మర్యాదగా చూడడం మనకు వచ్చు.

పాట అయిపోయాక ఆ గాయని వచ్చి ముందు వరుసలో నా పక్క కుర్చీలో కూర్చుంది. ఎండ కొండ వెనక్కి వాలుతుండగా కార్యదర్శి మైకులో ప్రకటించాడు. "ఇప్పుడు మన జిల్లా జానపద కళ, ఉరుములు."

ఆరుగురూ గజ్జెలు ఘల్లుమనిపిస్తూ వేదిక ఎక్కారు. రెండడుగులు వేసి ఆగిపోయారు. ఎదురుగా అమ్మవారు ఉంది. నుదుట కుంకుమ, పాదాల దగ్గర పగిలిన కొబ్బరికాయ, ఇంకా పొగ చిమ్ముతున్న సాంబ్రాణి. నల్లప్ప వంగి నేలను తాకి కళ్లకు అద్దుకున్నాడు. తర్వాత మనవైపు వీపు తిప్పి, అమ్మవారికి ఎదురుగా నిలబడి, పుల్ల ఉరుముకు ఆనించాడు. తక్కినవాళ్లు అటూ ఇటూ సర్దుకున్నారు. మాకు కనబడుతున్నది ఆరు వీపులు.

ముందు ఆ గురగుర వచ్చింది. కుర్చీ చేతి కట్టెలో నా వేళ్లకు తెలిసింది. నేల మీది జనం "ఓ" అన్నారు, వాళ్లకు తెలుసు, వాళ్లు ముందుకు జరిగారు. నవ్వు పుట్టింది కుర్చీల్లో. ముందు ఒక్కటి, తర్వాత నాలుగు. "ఏయ్, ఇటు తిరుగప్పా!" అని ఒక గొంతు. "తిరగొద్దులే, ఎనకపక్కే బాగుండాది!" అని ఇంకోటి. తర్వాత ఈలలు. సినిమా హాల్లో బొమ్మ తెగిపోతే వేసే ఈలలు. కార్యదర్శి పక్కనుంచి "నల్లప్పా! ఇటు! ఇటు!" అని చేతులు ఊపుతున్నాడు. ఉరుము మోతలో నల్లప్పకు ఆ మాట ఏం వినబడుతుంది! ఆయన ఎగిరి ఎగిరి ఆడుతున్నాడు, పావడ గొడుగులా విచ్చుకుంటోంది, చెమట వీపు మీద పాయలు పాయలుగా కారుతోంది.

పక్కనున్న గాయని నా వైపు వంగి, వచ్చీరాని ఇంగ్లీషులో, వాళ్లు ఎందుకు అటు తిరిగారు, ఎందుకు వీళ్లు నవ్వుతున్నారు అని అడిగింది.

నాకు కారణం తెలుసు. పొద్దున రైల్లో విన్నాను. చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. లేచి మైకు అందుకుని ఆ రెండు వాక్యాలే మీకూ చెప్పి ఉంటే మీ నోళ్లు మూతపడేవి. నేను చేసింది ఇది. చుట్టూ నవ్వు, పక్కన పరదేశి, నా చెవులు వేడెక్కిపోయాయి. ఒక క్షమాపణ నవ్వు నవ్వి, "వాళ్లు పల్లెటూరి వాళ్లండీ, పాపం వేదిక అలవాటు లేదు, తెలియదు" అన్నాను.

కార్యదర్శి తాడు లాగాడు. తెర పడింది.

ఆట ఆగలేదు. వాళ్ల వీపుల వెనక తెర పడిన సంగతి వాళ్లకు ఎలా తెలుస్తుంది? తెర అంచు కింద గజ్జెల కాళ్లు ఎగురుతూనే ఉన్నాయి. మీరు లేచారు, ఒళ్లు విరుచుకున్నారు, కాఫీలు తెప్పించుకున్నారు. కార్యదర్శి తెర ముందుకు వచ్చి వందన సమర్పణ మొదలుపెట్టాడు. ఉరుము మోతకు మాట వినబడక మైకు పెంచమన్నాడు. పెంచారు. విద్యుత్తు ఇచ్చిన వారికీ, కుర్చీలు ఇచ్చిన వారికీ వందనాలు చెబుతుంటే వెనక మబ్బు గర్జిస్తూనే ఉంది. నేల మీది జనం మాత్రం లేవలేదు, తెరనే చూస్తూ కూర్చున్నారు. చివరికి ఉరుము ఒక్క దెబ్బతో ఆగేసరికి కుర్చీలు సగం ఖాళీ.

నేను వేదిక వెనక్కి పరుగెత్తి కార్యదర్శి చొక్కా పట్టుకున్నాను. "తెర ఎందుకు దించావు?"

"ఏం చెయ్యమంటావు? విదేశీయుల ముందు పరువు పోతాంటే చూస్తా ఉండాల్నా? కళ అంటే జనానికి చూపించేది. ఈపు చూపించేది కాదు."

"అమ్మవారికి వీపు తిప్పి వాళ్లు ఉరుము ముట్టరు."

"అమ్మవారేంది? అది మట్టిబొమ్మప్పా, బెంగుళూరులో బాడుగకు తెచ్చినాం!"

"మరి టెంకాయ ఎందుకు కొట్టించావు? బొమ్మకా కొట్టావు?"

వాదనలో మళ్లీ నేనే గెలిచాను. వినేవాళ్లు లేని చోట గెలవడం నాకు బాగా అలవాటు.

బయట మస్తాన్ జట్కా దగ్గర నల్లప్ప వాళ్లు మూటలు కడుతున్నారు. నల్లప్ప మొహం వెలిగిపోతోంది. "చూస్తివా అన్నా, మొదట్ల ఎగతాళి చేసినోళ్లు కడాకు ఎట్ల గప్‌చిప్ అయిపోయినారో! ఈల లేదు, నవ్వు లేదు. ఆట అవుతానే నాటకంలో మాదిరి తెర గూడా దించినారు. రాయి పేపర్లో. దొరలు కదలకుండా చూసినారని రాయి. మా మునసబుకు చదివి వినిపిస్తా."

ఔనని ఉంటే అక్కడితో పోయేది. మస్తాన్ గుర్రం మెడ నిమురుతూ నా వైపు చూడకుండా నిలబడ్డాడు. అతను నేల మీద కూర్చుని అంతా చూశాడు. చెప్పాను. తెర ముందే పడిందని, కుర్చీలు ఖాళీ అయ్యాయని చెప్పాను.

నల్లప్ప చేతిలోని తాడు ముడి వదిలేశాడు. "నువ్వు యాడుంటివి?"

"ముందు వరుసలో."

"ఎందుకట్ల తిరిగినామో నీకు తెల్సు గదా. రైల్లో నీ ముందరే చెప్తి గదా. లేచి చెప్పకపోతివా?"

వదిలిన తాడు నేను అందుకోబోతే ఆయన లాక్కున్నాడు.

"నీ పక్కన ఆ పాట పాడినామె గదా కూచున్నె? ఆమన్నా అడగలేదా?"

"అడిగింది."

"ఏం జెప్తివి?"

చెప్పాను. తెలియదు అన్న మాటతో సహా చెప్పాను.

ఆయన తాడు మళ్లీ ముడి వేశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మా మునసబు గూడా అట్ల అనడన్నా. ఉరుము పాతదైపోయె అంటాడు. బ్యాండు బాగుండాది అంటాడు. వీళ్లకు తెలీదు అని మాత్రం యా పొద్దూ అనలేదు."

సుంకన్న మధ్యలోకి వచ్చాడు. "పోనీలేన్నా, అయిపోయింది. మెచ్చినారనే రాయనీ. అబద్ధమైతే ఏం, పరస మనకొస్తాది గదా?"

"యాడిది రావడం? మునసబు కొడుకు కుర్చీలో కూచోని ఉన్నె, నేను ఎక్కేటప్పుడే చూసినా. మనకన్నా ముందర ఆ కత ఊరికి పోయింటాది." నల్లప్ప మూట ఎత్తి బండిలో వేశాడు. "ఎందుకు ఈపు తిప్పినామో అది రాయి. ఆ ఒక్కటి రాస్తే చాలు." నేను ఎక్కబోతే, "బరువైతాదన్నా, నువ్వు నడిచి రా" అన్నాడు. బండి కదిలింది. స్టేషను దాకా నడిచాను. తిరుగు బండిలో వాళ్లు ఒక పెట్టె, నేను ఇంకో పెట్టె.

వారం రోజులుగా ఆలోచిస్తున్నాను. పరదేశి పాటకు కన్నీళ్లు పెట్టుకున్న మనం, మళ్లీ పాడమని బతిమాలుకున్న మనం, మన పక్క ఊరి మనిషి వీపు చూసి ఎందుకు నవ్వాం? అర్థం కాకపోవడం ఒక్కటే కారణం కాదు. ఆపెరా మాత్రం మనకు అర్థమైందా? అర్థం కానిది దూరం నుంచి వస్తే అది గొప్పదేమో అనుకుంటాం. ఊరవతలి గుడిసెలోంచి వస్తే అది తెలివితక్కువతనం అనుకుంటాం. నా నోట్లోంచి "తెలియదు" అన్న మాట అంత సులువుగా ఊడిపడిందంటే అది ఆ రోజు పుట్టిన మాట కాదు. ఉపన్యాసాల కింద ఎన్నాళ్లుగానో దాగి ఉన్న మాట. నా మిత్రుడి తాడూ, మీ ఈలా, నా మాటా ఒకే పని చేశాయి. ఒకరు తమ పరసను ఆ సాయంత్రం మన చేతుల్లో పెట్టారు, మనం దాన్ని కింద పడేశాం.

వచ్చే ఏడు వెళ్లేవాళ్లకు పనికొచ్చే మాట ఒక్కటి. కుర్చీ టిక్కెట్టు కొనకండి. చాప తెచ్చుకుని నేల మీద కూర్చోండి. అక్కడినుంచి వేదిక బాగా కనిపిస్తుంది, పక్కన కూర్చున్న వాళ్లను అడిగితే ఏం జరుగుతోందో చెబుతారు కూడా.

ఇక అడగవలసినవి:

వచ్చే ఏడు ఉత్సవంలో పూజ చేసిన విగ్రహాన్ని వేదిక వెనక పెట్టకూడదు, ప్రేక్షకుల వైపు పెట్టాలి.

ఆట ముగిసేదాకా తెర దించకూడదు. ఎవరి ఆటైనా సరే.

ఆడేవాళ్లందరికీ ఒకే డేరాలో, ఒకే పంక్తిలో భోజనం పెట్టాలి.

జిల్లా సంఘం కార్యదర్శి నల్లప్ప ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పాలి. నేను అతని కన్నా ముందు వెళ్లాలి.

ఆ గాయనికి నేను చెప్పింది తప్పని, అసలు కారణం ఇదని, ఇంగ్లీషులో రాసి పంపాలి. ఇది నన్ను నేనే అడుగుతున్నది.

ఈలలు వేసినవాళ్లు పరసకు వెళ్లి, ఉరుము ఆగేదాకా నిలబడి చూడాలి.

మునసబుగారు వచ్చే నెల పరసకు నల్లప్ప బృందాన్ని పిలవాలి.